గార్మెంట్సా, ఇళ్ల పనా? బెంగళూరులో మన ఆడవాళ్లకు ఏది మేలు?

కదిరి, హిందూపురం, మదనపల్లె వైపు నుంచి బెంగళూరు చేరిన కుటుంబాల్లో మగాయన బేల్దారి పనికో సెక్యూరిటీకో కుదురుతాడు. ఆడమనిషికి ముందుగా కనిపించేవి రెండు దారులు: బొమ్మనహళ్లిలోనో పీణ్యలోనో బట్టలు కుట్టే గార్మెంట్స్ ఫ్యాక్టరీకి పోవడం, లేదా బెళ్లందూరు, మారతహళ్లి అపార్ట్‌మెంట్లలో ఇళ్ల పని పట్టుకోవడం.

ఇళ్ల పనిలో పెద్ద సుఖం, మధ్యాహ్నం ఇంటికొచ్చి బిడ్డకు అన్నం పెట్టి మళ్లీ పోవచ్చు. నాలుగైదు ఇళ్లు దొరికితే డబ్బూ తక్కువేం కాదు. గార్మెంట్స్‌లో లైన్‌లో కూర్చున్నాక గంటకిన్ని పీసులని టార్గెట్. బాత్రూముకు లేవాల్సొస్తుందని నీళ్లు తాగకుండా ఉండేవాళ్లున్నారు. ఆ కష్టాన్ని తక్కువ చేసి చెప్పలేను.

అయినా నేను గార్మెంట్సే మేలంటాను. పీఎఫ్ కోసే జీతం 12,000 అనుకుందాం. ఆమె జీతంలోంచి 12 శాతం, అంటే 1,440 రూపాయలు పోతాయి. యజమానీ అంతే కట్టాలి. అందులో వెయ్యి దాకా పింఛనుకు, మిగతా 440 ఆమె పీఎఫ్‌కు. ఆమె కట్టే 1,440తో కలిపితే పదేళ్లకు వడ్డీ కాకుండానే 2 లక్షల 25 వేలు. 2016 ఏప్రిల్‌లో ఈ డబ్బు వెనక్కి తీసుకోవడం మీద కేంద్రం ఆంక్ష పెట్టబోతే, బెంగళూరు గార్మెంట్స్ ఆడవాళ్లు వేలల్లో రోడ్డెక్కి ఆ నిబంధనను వెనక్కి తీయించారు. ఎందుకంటే వాళ్లకున్న దాపు అదొక్కటే.

కాన్పు సంగతీ అంతే. ఈఎస్ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) చందా సరిపడా కట్టి ఉంటే మొదటి రెండు కాన్పులకు 26 వారాలు జీతం అందుతుంది. ఇళ్ల పనిలో నెలలు నిండేసరికి వాళ్లు ఇంకో మనిషిని చూసుకుంటారు. కర్ణాటక 2004లోనే ఇంటి పనికి కనీస వేతనం ప్రకటించింది గానీ, ఇంటి తలుపు లోపల దాన్ని ఇప్పించేదెవరు?

ఇంత తెలిసీ చాలామంది ఇళ్ల పనికే ఎందుకు పోతున్నారంటే, బిడ్డను చూసే మనిషి లేక. అత్తో అమ్మో వెంట వచ్చిన కోడలు గార్మెంట్స్‌కి పోయి పీఎఫ్ కూడబెడుతుంది. ఒక్కతే వచ్చిన తోడికోడలు గిన్నెలు తోముతుంది. ఒకే ఊరు, ఒకే ఇల్లు, పదేళ్లకు ఇద్దరి బతుకులూ వేరు. ఫ్యాక్టరీలో పిల్లల గది నడపాలని చట్టం ఎప్పటినుంచో చెబుతోంది. అది సరిగ్గా నడిస్తే, మగాయన కూడా బిడ్డ పని పంచుకుంటే, ఈ తేడా సగం తగ్గుతుంది.

కాబట్టి చూసేవాళ్లు లేకపోతే బిడ్డ బడికి పోయేదాకా రెండిళ్లలో పని చేసుకోండి, తర్వాత గార్మెంట్స్‌లో చేరండి. చేరగానే యూఏఎన్ నంబరు, అంటే మనిషికి ఒక్కటే ఉండే పీఎఫ్ నంబరు, అడిగి రాసుకోండి. కంపెనీ మారినా అదే నంబరు ఇవ్వండి. మానేసినప్పుడల్లా పీఎఫ్‌తోపాటు పింఛను డబ్బూ తీసేసుకుంటే, పింఛనుకు కావాల్సిన పదేళ్ల లెక్క మళ్లీ మొదటికొస్తుంది.