నదికి మ్యాపుల పుస్తకం, కొండకి యాప్: చాలా వేసవులు వాడాక

మ్యూనిక్ వచ్చాక వేసవి సెలవుల్లో సైకిళ్ల మీద కొన్ని రోజులు తిరిగి రావడం మా ఇంట్లో అలవాటైపోయింది. ప్లానింగ్‌కి వాడేవి రెండే: స్పైరల్ బైండింగ్ మ్యాపుల పుస్తకం, ఫోన్లో ఒక రూట్ యాప్. నది వెంట వెళ్తుంటే యాప్ లేకపోయినా నడిచిపోతుంది. కొండల్లో మాత్రం అది ఉండాల్సిందే.

జర్మనీలోని పస్సావ్ నుంచి వియన్నా దాకా డాన్యూబ్ వెంట సుమారు 320 కిలోమీటర్లు. దారి తప్పుతామన్న టెన్షన్ లేదు, నది పక్కనే ఉంటుంది. తేల్చుకోవాల్సింది ఏ ఒడ్డున వెళ్లాలన్నదే, ఎందుకంటే చాలా దూరం రెండు వైపులా సైకిల్ దారి ఉంది. ఇక్కడ పుస్తకంలోని 1:50,000 స్కేలు (సెంటీమీటరుకి అర కిలోమీటరు) మ్యాపుకి సాటి లేదు. రెండు ఒడ్లూ, పడవ రేవులూ, గదులు దొరికే ఊళ్లూ ఒకే పేజీలో కనిపిస్తాయి. యాప్ ఒక గీత గీసి ఊరుకుంటుంది. ష్లోగెన్ దగ్గర నది గిర్రున వెనక్కి తిరుగుతుంది. అక్కడ ఎడమ ఒడ్డు దారి మధ్యలో ఆగిపోతుంది, చిన్న పడవ ఎక్కాల్సిందే. సాయంత్రం ఆలస్యంగా చేరితే పడవ ఉండదు కాబట్టి ఆ రోజు మజిలీ దాన్ని బట్టే పెట్టుకోవాలి. మెల్క్ నుంచి క్రెమ్స్ దాకా 40 కిలోమీటర్లు కూడా ఉండదు గానీ, ద్రాక్ష తోటలూ ఆప్రికాట్ తోటలూ చూస్తూ వెళ్లడానికి రోజంతా పెట్టండి.

సాల్జ్‌బర్గ్ నుంచి ఇటలీ తీరంలోని గ్రాడో దాకా వెళ్లే ఆల్పె ఆద్రియా దారి సంగతి వేరు. 410 కిలోమీటర్లని చూసి రోజుల్తో భాగిస్తే లాభం లేదు. గాస్టైన్ లోయలో ఎక్కుడు ఎంతుందో యాప్‌లోని ఎత్తుల గ్రాఫ్ చూస్తేనే అర్థమవుతుంది, పుస్తకంలోని బాణం గుర్తులతో తెలియదు. బోక్‌స్టైన్‌లో సైకిల్‌ని రైలెక్కించి, సొరంగం గుండా మాల్నిట్జ్‌లో దిగాలి, పావుగంట కూడా పట్టదు. ఆ సొరంగాన్ని 2024 చివర్లో మరమ్మతులకి మూసి 2025 వేసవిలో తెరిచారు. అచ్చయిన పుస్తకానికి అది తెలిసే వీలే లేదు, రైల్వే సైట్ చూసుకోవాలి. ఇటలీలోని తర్విసియో దాటాక దిగుడు చాలావరకు పాత రైలు మార్గం మీదే. పట్టాలు తీసి తారు వేశారు. సొరంగాలు, ఇనుప వంతెనలు, క్యూసాఫోర్తెలో పాత స్టేషన్లోనే కాఫీ. నాకు ఈ ముక్క చాలు, మిగతా దారంతా దీనికోసం తొక్కొచ్చు.

యాప్ మీద నా ఫిర్యాదు ఒకటే: తారు రోడ్డని చూపించింది ఒక్కోసారి కంకర దారి అవుతుంది. బరువు బ్యాగులతో అది నరకం.

ఆగస్టు 15 ఆస్ట్రియాలో, ఇటలీలో కూడా సెలవే (కారణం వేరనుకోండి). ఆ వారం ఒక్క రాత్రికి గది దొరకడం కష్టం. ఆదివారం ఆస్ట్రియాలో చాలా సూపర్ మార్కెట్లు మూసే ఉంటాయి, శాకాహారులు శనివారమే సరుకు కొనుక్కోవాలి.

గ్రాడోలో రైల్వే స్టేషన్ లేదు. తిరుగు రైలుకి చెర్విన్యానో దాకా మళ్లీ తొక్కాలి. రైళ్లలో సైకిళ్లకి చోటు కొద్దిగానే ఉంటుంది, వారాంతాల్లో ముందే నిండిపోతుంది. హోటళ్ల కన్నా ముందు ఆ టికెట్ చూసుకోండి.