అవతలివారి పేరు మాత్రమే ఉన్న హద్దురాయి: రైల్ఎమ్ఎల్‌లో ఓనర్‌చేంజ్‌తో ఎనిమిదేళ్ళ అనుభవం

బెంగళూరులోని ఒక చిన్న సంస్థలో కూర్చుని ఐరోపా రైలు మార్గాల సమాచారాన్ని టైంటేబుల్ సిమ్యులేషన్‌కు అనువుగా మార్చడం నా ఉద్యోగం. రైల్ఎమ్ఎల్ అంటే రైల్వే సమాచారాన్ని ఒక సాఫ్ట్‌వేర్ నుంచి మరోదానికి అందించే ఫైలు పద్ధతి; అంతకు మించి దాని గురించి ఇక్కడ చెప్పబోవడం లేదు. 2016లో వచ్చిన 2.3 వెర్షన్‌తో మొదలుపెట్టి, 2.4 మీదుగా, 2019లో విడుదలైన 3.1 వరకూ నేను నడిచిన దారిలో, పట్టాల బాధ్యత ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి మారే చోటును చెప్పే ఓనర్‌చేంజ్ అనే ఒక్క ఎలిమెంట్ (ఫైలులో ఒక రకం నమోదు) గురించే ఈ సమీక్ష. దానిపై నాకున్న కోపం ఇంకా చల్లారలేదని ముందే ఒప్పుకుంటున్నాను.

మొదట్లో ఈ పద్ధతిని నేను బాగా మెచ్చుకున్నాను. రెండో తరం రైల్ఎమ్ఎల్‌లో, అంటే 2తో మొదలయ్యే వెర్షన్లలో, వేగం, వాలు, విద్యుదీకరణ వంటివన్నీ మార్పుల రూపంలోనే ఉంటాయి. ట్రాక్ మొదలు నుంచి ఇన్ని మీటర్ల దగ్గర కొత్త విలువ మొదలవుతుందని రాస్తే, తరువాతి మార్పు వచ్చేదాకా అదే చెల్లుతుంది. రాసినదే మళ్ళీ రాయనక్కరలేని ఈ పొదుపు కొత్తగా చేరినవారికి నేను గర్వంగా చూపించే విషయాల్లో ఒకటిగా ఉండేది. వేగం విషయంలో ఆ మెప్పు నేటికీ నిలిచే ఉంది.

తేడా వచ్చింది ఒక కర్మాగారపు సైడింగు దగ్గర, అంటే ప్రధాన మార్గం నుంచి చీలి కర్మాగారంలోకి వెళ్ళే పట్టాల దగ్గర. ప్రధాన మార్గం ఒక సంస్థది, సైడింగులో కొంత భాగం దానిదే, ఆపైన కర్మాగారానిది. సైడింగు ట్రాక్ మొదటి పాయింటు (పట్టాలు చీలే చోటు) దగ్గర మొదలవుతుంది, 412వ మీటరు దగ్గర ఓనర్‌చేంజ్ ఉంది, దాని పక్కన కర్మాగారం పేరుంది. మరి సున్నా నుంచి 412 మీటర్ల దాకా ఎవరిదన్న ప్రశ్నకు ఆ ట్రాక్‌లో జవాబు లేదు. పొలం గట్టు మీద హద్దురాయి పాతి, దాని మీద అవతలి రైతు పేరు మాత్రమే చెక్కి, ఇవతలి రైతు ఎవరో ఊరంతా తిరిగి కనుక్కోమన్నట్టుంది. పాయింటు దాటి వెనక్కు వెళ్ళి ప్రధాన ట్రాక్ నుంచి ఆ పేరును తెచ్చుకునేలా నేను ప్రోగ్రాం రాశాను. అది సబబేనని ఇప్పటికీ అనుకుంటున్నాను.

అసలు చిక్కు ఆ ఫైలు తయారు చేసినవారు వేగపు అలవాటునే బాధ్యతకూ వర్తింపజేయడంలో ఉంది. వారు 412వ మీటరు దగ్గరే రెండు ఓనర్‌చేంజ్‌లు పెట్టారు. లోపలికి వెళ్ళే దిశకు కర్మాగారం పేరు, బయటికి వచ్చే దిశకు ప్రధాన సంస్థ పేరు. రైలు ఎటు నుంచి వచ్చినా రాయి దాటగానే ఎవరి నేల మీద అడుగు పెడుతుందో చెప్పాలన్నది వారి ఉద్దేశం, అందులో తప్పు పట్టడానికేమీ లేదు. అయితే యాజమాన్యానికి దిశ ఏమిటన్న ధీమాతో నా ప్రోగ్రాం దిశను పట్టించుకోకుండా, ఒకే చోట రెండు మార్పులు కనిపిస్తే రెండోదాన్ని ఉంచుకునేది. ఫలితంగా కర్మాగారం లోపలి పట్టాలన్నీ ప్రధాన సంస్థ ఖాతాలో పడ్డాయి, ట్రాక్ వినియోగ రుసుము లెక్క ఆ మేరకు పెరిగింది. ఫైలు నిర్మాణ పరీక్షలన్నీ దాటింది కనుక ఎవరికీ అనుమానం రాలేదు. వినియోగదారు చేత్తో వేసుకున్న లెక్క మా లెక్కతో కలవక కబురు పంపిన తరువాత, కారణం దొరకడానికి నాకు మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ నేను తప్పును వెతికింది రుసుము సూత్రంలో!

ఆ తరువాత మా దగ్గర ఒక నియమం పెట్టుకున్నాం: ప్రతి ట్రాక్‌కూ సున్నా మీటరు దగ్గర ఓనర్‌చేంజ్ లేకపోతే ఆ ఫైలును తిప్పి పంపుతాం. దీనితో నేను మెచ్చుకున్న పొదుపులో సగం పోయిందని చెప్పక తప్పదు.

గుంతకల్లు డివిజన్‌లో పనిచేసి రిటైరైన మా నాన్నగారికి ఈ కథ చెబితే, ఎవరిదన్న ప్రశ్న ఒక్కటే అడిగారేమిట్రా అని నవ్వారు. పాయింటు సరిగా పడకపోతే అది ఇంజినీరింగు వారి తప్పా సిగ్నల్ వారి తప్పా అన్న వాదన ఆయనకు నిత్యకృత్యం. పట్టాల హద్దు, తీగల హద్దు, సిగ్నళ్ళ హద్దు ఒకే మీటరు దగ్గర పడాలనేమీ లేదు. ఒక్క పేరు పట్టే ఓనర్‌చేంజ్‌లో యజమాని, మరమ్మతు చేసేవారు, రైళ్ళు నడిపించేవారు అన్న తేడాలు ఇమడవు. రాజకీయ సరిహద్దును చూసి ఊహిద్దామన్నా కుదరదు. బాసెల్ బాడిషర్ స్టేషన్ స్విట్జర్లాండ్ నేల మీద ఉన్నా నడిపేది జర్మన్ రైల్వే, మన హిందూపురం ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నా రైల్వే లెక్కలో బెంగళూరు డివిజన్‌ది.

మూడో తరానికి (3.1కి) మారినప్పుడు నాకు కలిగిన ఊరట నిజమైనదే. అక్కడ లీనియర్ లొకేషన్ ద్వారా ఒక ముక్క ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో రెండు కొసలూ చెప్పవచ్చు, వెనక్కు వెళ్ళి వెతకనక్కరలేదు. 2023 డిసెంబరు చివర జర్మనీలో పట్టాలను చూసే డీబీ నెట్జ్, స్టేషన్ల సంస్థతో కలిసి డీబీ ఇన్‌ఫ్రాగో అయినప్పుడు, సంస్థల జాబితాలో ఒక్క నమోదు మార్చగానే దాన్ని సూచించే లైన్లన్నీ సరిపోయాయి. ఆ రోజు నేను సంతోషంగా ఇంటికి వెళ్ళాను. కానీ నేను వాడిన 3.1లో బాధ్యత ఏ సంస్థదో చెప్పే ఆ సూచన మొత్తం లైన్‌కు తగిలించి ఉంటుంది. మార్గపు సంఖ్య మారకుండా మధ్యలో బాధ్యత మారిన చోట లైన్‌ను రెండుగా కోయవలసి వచ్చింది, అలా కోసినందుకు స్టేషన్ల మధ్య దూరాల పట్టికలో మరో పని పెరిగింది.

సంస్థల వారీగా కిలోమీటర్లు లెక్కపెట్టడమే నా అవసరం కనుక నా వరకూ మూడో తరమే మేలు. ప్రయాణ సమయాలు మాత్రమే లెక్కించేవారికి ఈ గొడవ అసలు తగలకపోవచ్చు, మరమ్మతుల ఒప్పందాలు చూసేవారికి రెండు తరాలూ చాలకపోవచ్చు. ఇక మా ప్రధాన వినియోగదారు ఇంకా 2.4లోనే ఫైళ్ళు పంపుతున్నందువల్ల, సున్నా మీటరు నియమాన్ని ఎత్తివేయమని ఈమధ్య చేరిన అమ్మాయి అడిగినా నేను ఒప్పుకోలేదు.