ఎ స్టడీ ఇన్ ఎమరాల్డ్ కామిక్: డిటెక్టివ్ బాగున్నాడు, దెయ్యం ఇంకొంచెం దాక్కుంటే బాగుండేది

ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేస్తుంటే ఎంసెట్ గైడ్ల కింద దొరికింది ఇది. గట్టి అట్ట, ఒక మూల సొట్ట పోయింది గానీ లోపల పేజీలు కొత్తగానే ఉన్నయ్. 600 అన్నాడు, 350కి ఇచ్చాడు. నాంపల్లిలో మెట్రో ఎక్కి తెరిస్తే దిగాల్సిన కూకట్‌పల్లి ఎప్పుడు పోయిందో తెలీలేదు, మియాపూర్ దాకా పోయి మళ్లీ వెనక్కొచ్చిన.

నీల్ గైమన్ 2003లో రాసిన కథ, 2004లో హ్యూగో (సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ కథలకిచ్చేది) అవార్డు వచ్చింది. దాన్ని బ్రెజిల్ ఆర్టిస్ట్ రఫాయెల్ అల్బుకర్కీ కామిక్ చేస్తే డార్క్ హార్స్ వాళ్లు 2018లో వేశారు. షెర్లాక్ హోమ్స్ మొదటి నవల ఎ స్టడీ ఇన్ స్కార్లెట్ 1887ది, అందులో శవం పక్కన గోడ మీద రక్తంతో రాఖె (జర్మన్‌లో పగ) అని రాసుంటది కదా, ఇక్కడా అంతే, కాకపోతే ఆ రక్తం ఆకుపచ్చ. ఎందుకంటే చచ్చింది మనిషి కాదు, రాజకుమారుడు, ఆ లోకంలో రాజులు రాణులు అందరూ లవ్‌క్రాఫ్ట్ అనే అమెరికన్ రచయిత భయం కథల్లో సముద్రం అడుగున నిద్రపోయే టైపు జీవులే. 700 ఏళ్ల కింద మనుషుల్ని ఓడించింది కాబట్టే రాణికి విక్టోరియా అని పేరంట, అసలు పేరు పలకడానికి మన నోరు సరిపోదంట. ఈ ముక్క దగ్గర మెట్రోలోనే నవ్వొచ్చింది, వెంటనే కొంచెం భయం కూడా.

నాకు బాగా నచ్చింది వేరే. కథలో డిటెక్టివ్ పేరు ఎక్కడా చెప్పరు, కథ చెప్పే మాజీ సైనికుడి పేరూ అంతే, అఫ్గానిస్తాన్‌లో దెబ్బ తిని వచ్చాడు, రాత్రుళ్లు అరుస్తూ లేస్తాడు, ఇంక మనమే తెలివిగా హోమ్స్, వాట్సన్ అని పేర్లు పెట్టేసుకుంటాం. చదివే కథలో ఇది సులువు, బొమ్మల్లో మొహం చూపించాలి కదా, దొరికిపోతారేమో అనుకున్నా. దొరకలేదు. మొహాలు దాచకుండా చూపిస్తూనే మనల్ని బోల్తా కొట్టించాడు, అయిపోయాక మొదటికొచ్చి చూస్తే అన్నీ కళ్ల ముందే ఉన్నయ్.

ఇంకోటి, నాటకం సీన్. స్టేజీ మీద చందమామ ముందు లేత పసుపు రంగులో ఉంటుంది, ఆ పెద్ద జీవులు వచ్చాక ఎర్రగా అయిపోతుంది, చూసే జనానికి ఆ ఎరుపే హాయిగా ఉంటదంట. ఉత్త రంగు మారడమే, నాకు ఒళ్లు జలదరించింది మాత్రం అక్కడే. అందుకే రాణిగారి దర్శనం కొంచెం నిరాశ. కథ చదివినప్పుడు నా బుర్రలో ఉన్న రాణి వేరు, ఇక్కడ ఆ చేతులూ అవీ బొమ్మేసి చూపించేసరికి భయం సగం దిగిపోయింది.

కలర్స్ డేవ్ స్టీవర్ట్‌వి, సూపర్. 100 పేజీలు కూడా లేవు, కొత్త కాపీ రేటుకి అది తక్కువే అనిపిస్తది, నాకైతే 350కి గిట్టుబాటే.

మా తమ్ముడికిచ్చా. గంటలో అయిపోగొట్టి "ఇంతకీ వాడెవడన్నా?" అన్నాడు. హోమ్స్ ఒక్కటి కూడా చదవలేదు వాడు, ఆఖరి పేజీలు వాడికి గాల్లో కలిసిపోయినయ్. ముందు ఇది చదవరా అని ఆ 1887 నవల చేతిలో పెట్టిన, వారమైంది, ఇంకా గోడ మీద రాత దగ్గరే ఉన్నాడు.