మా క్లాసు బ్లాగులో చివరికి నిలిచింది పిల్లల గొంతే

2023 జూన్ నుంచి మా నాలుగో తరగతికి ఒక ఉచిత బ్లాగు నడుపుతున్నాను. ఎలా తెరవాలి, ఎలా రాయాలి అన్నవి అందరికీ తెలిసినవే. నేను చెప్పాలనుకున్నది పిల్లల గొంతు గురించి. ప్రతి శుక్రవారం ఇద్దరు పిల్లలు ఆ వారం నేర్చుకున్నది ఒక్క నిమిషంలో చెబుతారు, అది రికార్డు చేసి పెడతాను. అది నాకు ప్రాణం.

మాది చిత్తూరు దగ్గర తమిళనాడు సరిహద్దు పల్లె. చాలా ఇళ్లలో మాట్లాడేది తమిళమే. బడి తెరిచే జూన్, జూలైలోనే తోతాపురి గుజ్జు ఫ్యాక్టరీలు నడుస్తాయి, అమ్మలు షిఫ్టులకు పోతారు. కొందరి నాన్నలు బెంగళూరులో పని. మొదటి ఏడాది నేను రాసిన పేరాలు ఎవరూ చదవలేదు.

రెండో ఏడాది గొంతులు మొదలుపెట్టాను. లీటర్ల పాఠం రోజు ఒక పాప, "మా అవ్వ శెనక్కాయలు పడితో కొలుస్తుంది, అది ఎన్ని లీటర్లో తెలీదు" అని చెప్పింది. సోమవారం ఆ పాప సంచిలో పాత గుడ్డలో చుట్టిన ఆ కొలత పాత్ర, 'పడి', వచ్చింది. అంచు అరిగి నున్నగా ఉంది. "నీళ్లు పోసి చూడమనింది మా అవ్వ" అంది. లీటరు సీసా మొత్తం వంచినా పడి నిండలేదు. పిల్లలు చేసిన గోల కూడా రికార్డయింది, అట్లే పెట్టేశాను.

2024 డిసెంబర్ 7న రాష్ట్రమంతా జరిగిన తల్లిదండ్రుల మీటింగుకు ఆ అవ్వ వచ్చింది. "మేడం, మా పాప మాట ఇంకోసారి పెట్టు" అంటూ ఫోన్ ఇచ్చింది. ఎవరో ఫోన్ చేసినట్టు చెవికి ఆనించుకుని, కళ్లు మూసుకుని వినింది. చదువు రాని మనిషికి బడి చేరింది ఆ రోజే అనిపించింది.

దెబ్బ తిన్నది ఫోటోల దగ్గర. మొదటి ఏడాది పిల్లల ముఖాలు పెట్టేదాన్ని. ఒక తల్లి వచ్చి, తన బిడ్డ ఫోటో తెలియనివాళ్ల ఫోన్లలో తిరుగుతోందని ఏడ్చింది. అదే రోజు అన్నీ తీసేశాను. పిలిచినవాళ్లే చూసేలా బ్లాగుకు తాళం వేస్తే, మెయిల్‌తో లాగిన్ కావాలి. 28 ఇళ్లలో తెరిచింది ఐదిళ్లు. మళ్లీ అందరికీ తెరిచాను గానీ ముఖాలు లేవు, పేర్లు లేవు. 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు పిల్లల వివరాలకు తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటోంది. గొంతుకైనా సరే, ప్రతి జూన్‌లో కాగితం మీద సంతకం తీసుకుంటున్నాను.

ఇంత మెచ్చుకున్నా ఇబ్బందులు లేకపోలేదు. నేను వాడే బ్లాగులో ఆడియో నేరుగా ఎక్కదు. ఒక బొమ్మ జోడించి వీడియోగా మార్చాలి, దానికి అరగంట పడుతుంది. తల్లిదండ్రులు వాళ్లంతట వాళ్లు బ్లాగుకు రారు, వాట్సాప్‌లో లింకు పంపితేనే వింటారు. కామెంట్లు ఏడాదికి నాలుగో ఐదో. అట్లాంటప్పుడు వాట్సాప్ చాలదా అని తోటి టీచర్లు అడిగారు. గ్రూపులో మెసేజ్ వారానికి అడుగున పడిపోతుంది. పడి గోల ఈ రోజుకీ బ్లాగులో ఉంది, బెంగళూరు నుంచి వాళ్ల నాన్న పోయిన నెల కూడా విన్నాడట.

నా క్లాసులో 28 మందే, ఇంట్లో నెట్ ఉంది, శుక్రవారం రాత్రి నాకు వేరే పని ఉండదు. అందుకే నాకు కుదిరింది. అరవై మంది ఉన్న క్లాసైతే, లేదా తిరుపతి లాంటి ఊళ్లో రోజూ గేటు దగ్గరకే అమ్మానాన్నలు వచ్చే బడి అయితే, ఇంత శ్రమ పడమని నేను చెప్పలేను.