1 టీబీ పోర్టబుల్ హార్డ్ డిస్క్: ఐదున్నరేళ్లు వాడాక, ఒకసారి మునిగాక

విజయవాడ గాంధీనగర్‌లో నాది చిన్న డీటీపీ షాపు. పెళ్లి కార్డులు, కరపత్రాలు, అప్పుడప్పుడూ ఓ పుస్తకం. ఈ డిస్కు 2019 జనవరిలో కొన్నాను, నాలుగు వేల చిల్లర పడింది. కంపెనీ పేరు చెప్పను. నేను చెప్పబోయేది ఏ కంపెనీ డిస్కుకైనా పనికొస్తుంది.

ఎందుకు కొన్నానంటే, 2018 చివర్లో షాపు కంప్యూటర్ ఒకరోజు పొద్దున్నే టిక్కు టిక్కుమని కొట్టుకుని ఆగిపోయింది. అందులో ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారి శతక వ్యాఖ్యానం ఉంది. 212 పేజీలు, మూడో ప్రూఫు కూడా దిద్దేశాం. డేటా రికవరీ అతను 12 వేలు తీసుకుని ఒక పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టాడు. తెరిస్తే ఫైళ్ల పేర్లన్నీ పోయి వరుస నంబర్లు. పెళ్లి కార్డుల వినాయకుడి బొమ్మలు మాత్రం భేషుగ్గా వచ్చాయి. మేం పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్, దాని ఫైలు ఒక్కటీ తెరుచుకోలేదు. మాస్టారి ఫోన్ రెండు రోజులు ఎత్తలేదు నేను. చివరికి ఆయనే వచ్చి ప్రూఫు కాగితాల కట్ట బల్ల మీద పెట్టారు. "పోనీలే అమ్మాయ్, కాగితం ఉందిగా. మళ్లీ కొట్టు. ఈసారి నా తప్పులు కూడా నాలుగు తగ్గుతాయి" అన్నారు. 23 రాత్రులు పట్టింది.

ఇక డిస్కు సంగతి. 1 టీబీ అని అట్ట మీద ఉంటుంది, విండోస్‌లో 931 జీబీ చూపిస్తుంది. మోసం కాదు, కంపెనీ వాళ్ల లెక్క వెయ్యితో, విండోస్ లెక్క 1024తో. పెద్ద ఫైళ్లయితే 60 జీబీ పది పన్నెండు నిమిషాల్లో ఎక్కేస్తుంది. అదే వేల కొద్దీ చిన్న చిన్న ఫైళ్లయితే టీ తాగి వచ్చినా అవదు. డిస్కుతో పాటు వచ్చిన బ్యాకప్ సాఫ్ట్‌వేర్ మొదటి వారమే తీసేశాను, ఊరికే సిస్టమ్‌ని నెమ్మది చేసింది. నాకు నచ్చనిది కేబుల్. ఆ బల్లపరుపు పిన్ను రెండేళ్లకే వదులైంది, చెయ్యి తగిలితే కాపీ మధ్యలో ఆగిపోయేది. కేబుల్ మూడుసార్లు మార్చాను, డిస్కు మాత్రం ఒక్కసారి కూడా మొరాయించలేదు. డిస్కు ఆరోగ్యం చెప్పే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో నెలకోసారి చూసేదాన్ని, చివరిదాకా నీలం రంగులో 'గుడ్' అనే ఉంది.

కాపీకి విండోస్‌లోనే ఉండే రోబోకాపీ వాడతాను. ఒక తెలివితక్కువ పని చేశాను, అది కూడా చెప్పాలి. మొదట్లో దాని మిర్రర్ ఆప్షన్ పెట్టుకున్నాను. ఇక్కడ ఏముంటే అక్కడా అదే ఉండాలన్నది దాని పద్ధతి. షాపులో పొరపాటున ఒక కార్డుల ఫోల్డర్ డిలీట్ చేసి, చూసుకోకుండా సాయంత్రం బ్యాకప్ నొక్కాను. డిస్కులో ఉన్న మంచి కాపీని కూడా శుభ్రంగా తుడిచేసింది. గూగుల్ డ్రైవ్ సింక్ కూడా ఇలాంటిదే, కాకపోతే అక్కడ ట్రాష్‌లో 30 రోజులు ఉంటుంది. ఇప్పుడు మిర్రర్ తీసేసి, నెలకో కొత్త ఫోల్డర్ పెడుతున్నాను.

ఇంకోటి, అనూ ఫాంట్లతో (డీటీపీలో వాడే తెలుగు అక్షరాల సెట్లు) పని చేసేవాళ్లకి. ఫైళ్లు ఒక్కటే దాచుకుంటే లాభం లేదు. ఒకసారి బ్యాకప్ పనిచేస్తుందో లేదో చూద్దామని మా తమ్ముడి ల్యాప్‌టాప్‌లో తెరిచాను. తెలుగంతా పిచ్చి గీతలు, ఇంగ్లీషు అక్షరాల ముక్కలు. ఫాంట్లు లేవుగా మరి! అప్పటి నుంచి ఫాంట్లు, కీబోర్డ్ సెటప్ కూడా అందులోనే పెడుతున్నాను.

డిస్కుని ప్రతి శనివారం సింగ్‌నగర్‌లో ఉన్న మా ఇంటికి తీసుకెళ్లేదాన్ని. షాపులో దొంగలు పడ్డా, షార్ట్ సర్క్యూట్ అయినా ఇంట్లో ఒక కాపీ ఉంటుందని. 2024 సెప్టెంబర్ 1, ఆదివారం. బుడమేరు వాగు పొంగి నీళ్లు ఇంట్లోకి వచ్చేశాయి. పిల్లల్ని, మందుల డబ్బాని తీసుకుని పై వాటాలోకి పరిగెత్తాం. డిస్కు బీరువా కింది అరలో ఉండిపోయింది. షాపుకి ఏమీ కాలేదు, ఫైళ్లన్నీ భద్రం. మునిగింది బ్యాకప్పే! బురదలోంచి తీసి చూస్తే పిన్ను రంధ్రంలోంచి నల్లటి నీళ్లు కారాయి. అయినా ఆ పది రోజులు నాకున్న టెన్షన్ అంతా షాపు కంప్యూటర్ గురించే. ఆ ఒక్కటే మిగిలింది, అది కూడా పోతే?

ఇల్లు కడుక్కున్నాక మళ్లీ ఇదే మోడల్ కొన్నాను, ఈసారి రెండు. ఒకటి షాపులో. రెండోది గుంటూరులో మా అక్క దగ్గర, పై అరలో. నెలకోసారి వెళ్లినప్పుడు మార్చుకుంటాం. నడుస్తున్న పనులు మాత్రం రోజూ గూగుల్ డ్రైవ్‌లోకి, ఉచితంగా ఇచ్చే 15 జీబీ వాటికి సరిపోతోంది. వారంటీ మూడేళ్లు అంటారు గానీ, వాళ్లిచ్చేది ఖాళీ డిస్కే, లోపలి సరుకు కాదు.

మునిగిన డిస్కు ఇంకా ఇంట్లోనే ఉంది. మాస్టారి రెండో పుస్తకం మొదటి ప్రూఫు అందులో కూడా ఉండేది. మొన్న కార్డు కొట్టించడానికి వచ్చి ఆ మాట విన్నారు. "నా పుస్తకాలకి జలగండం కూడా ఉందన్నమాట" అని నవ్వి, ఆ ప్రూఫు ఇంకో కాపీ తీసివ్వమన్నారు, తన బీరువాలో పెట్టుకోడానికి.