వేసవిలో యూనివర్సిటీ ప్రోగ్రాము: ఫీజు కట్టి చేరేదా, క్రెడిట్ వచ్చేదా, లెక్కలిచ్చి తీసుకునేదా - ఏది మేలు?

డిసెంబరు వచ్చిందంటే తొమ్మిది, పది, పదకొండు తరగతుల పిల్లలున్న ఇళ్లలో ఒకటే చర్చ. వచ్చే వేసవికి పిల్లల్ని అమెరికా యూనివర్సిటీ ప్రోగ్రాముకి పంపాలా, పంపితే దేనికి? న్యూజెర్సీ, డాలస్, బే ఏరియా తెలుగువాళ్లూ అడుగుతున్నారు, హైదరాబాద్, విజయవాడ నుంచీ అడుగుతున్నారు. బ్రోషర్లు చూస్తే అన్నీ ఒకేలా కనిపిస్తాయి. లోపల మాత్రం ఇవి మూడు రకాలు. రెండు మూడు వారాలు ఉండి వచ్చేవి, వీటిలో క్రెడిట్ ఉండదు, గ్రేడు ఉండదు. రెండో రకం అసలు కాలేజీ కోర్సులే, ట్రాన్‌స్క్రిప్టుతో (కాలేజీ ఇచ్చే అధికారిక గ్రేడ్ల పత్రంతో) సహా. మూడో రకం ముందు పిల్లల చేత పని చేయించి, ఆ పని చూసి సీటిస్తాయి.

పేరూ ఫీజూ తర్వాత సంగతి. నా లెక్కలో తేల్చేది ఒక్కటే: క్యాంపస్‌లో అడుగు పెట్టకముందే ఆ ప్రోగ్రాము పిల్లల చేత ఏం చేయిస్తోంది? సీటు రాకపోయినా వాళ్ల దగ్గర ఏం మిగులుతుంది? ఈ ప్రశ్న వేసుకుంటే సగం బ్రోషర్లు పక్కకు వెళ్లిపోతాయి.

రెండు వారాల ప్రోగ్రాములు

హార్వర్డ్ ప్రీ-కాలేజ్, బ్రౌన్ ప్రీ-కాలేజ్ లాంటివి ఈ కోవలోవి. హాస్టల్‌తో కలిపి రెండు వారాలకు 5,000 డాలర్ల పైమాటే ఉండొచ్చు, విమానం టికెట్లు వేరు. దరఖాస్తులో మార్కుల జాబితా, చిన్న వ్యాసం, ఫీజు ఉంటాయి. ఇక్కడ సీటు వస్తే ఆ యూనివర్సిటీలో డిగ్రీ అడ్మిషన్‌కి దారి పడినట్టు కాదు. ఈ మాట చాలామంది తల్లిదండ్రులకు ఫీజు కట్టాకే తెలుస్తోంది.

అలాగని డబ్బు దండగ అనను. ఇంటికి దూరంగా ఒక్క రాత్రి కూడా ఉండని పిల్లలకీ, ఆర్కిటెక్చరా ఎకనామిక్సా అని తేల్చుకోలేని పిల్లలకీ పనికొస్తాయి. కట్టే ముందు మూడు విషయాలు ఈమెయిల్‌లో అడగండి: రోజుకి తరగతి ఎన్ని గంటలు, పాఠం చెప్పేది ఎవరు, చివరి రోజు పిల్లలు ఏం రాసిస్తారు? మూడోదానికి సూటిగా జవాబు రాకపోతే అది విహారయాత్ర కిందే లెక్క. లీడర్‌షిప్ పేరుతో ‘మీ అబ్బాయిని నామినేట్ చేశాం’ అంటూ ఇంటికొచ్చే ఉత్తరాల గురించి రాయడానికేమీ లేదు, పక్కన పడేయండి.

క్రెడిట్ కోర్సులు

ఇక్కడ కొంచెం ఆగి లెక్క వేయాలి. అమెరికాలో ఒక క్రెడిట్ అంటే పదిహేను వారాల సెమిస్టర్‌లో వారానికి ఒక గంట తరగతి, బయట రెండు గంటల చదువు. నాలుగు క్రెడిట్ల కోర్సుకి మొత్తం 180 గంటలు. అదే కోర్సుని ఏడు వారాల్లోకి కుదిస్తే వారానికి 25 గంటలు దాటుతుంది. రెండు కోర్సులైతే 50 పైచిలుకు. హైస్కూల్లో ‘ఏ’ గ్రేడ్లు తప్ప ఎరగని పిల్లలు మూడో వారంలో చేతులెత్తేసేది ఇక్కడే. తెలివి తక్కువై కాదు, మొదటి మిడ్‌టర్మ్ రెండో వారం చివర్లోనే వచ్చి పడుతుంది కాబట్టి.

ఆ గ్రేడు చెరిగిపోదు. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా దరఖాస్తులో హైస్కూల్లో ఉండగా చదివిన కాలేజీ కోర్సులన్నీ చూపించాలి. మెడిసిన్ ఆలోచన ఉన్నవాళ్లకి ఇంకా ముఖ్యం: మెడికల్ స్కూళ్ల ఉమ్మడి దరఖాస్తు ఆమ్‌కాస్‌లో పదహారో ఏట చేసిన కాలేజీ కోర్సు కూడా రాయాల్సిందే. వేసవిలో తెచ్చుకున్న ‘సి’ ఆరేళ్ల తర్వాత మళ్లీ ఎదురొస్తుంది. అందుకే డ్రాప్ గడువు (కోర్సు వదిలేయడానికి), డబ్ల్యూ గడువు (‘విత్‌డ్రా’ గుర్తుతో తప్పుకోవడానికి) మొదటి రోజే క్యాలెండర్‌లో రాసిపెట్టుకోవాలి. మొదటి గడువులోపు వదిలేస్తే ట్రాన్‌స్క్రిప్టు మీద మచ్చ పడదు, అది దాటితే డబ్ల్యూ పడుతుంది, రెండోదీ దాటితే వచ్చిన గ్రేడే ఖాయం.

క్రెడిటే కావాలనుకుంటే పెద్ద పేరు కంటే ఇంటి దగ్గర కమ్యూనిటీ కాలేజీ (రెండేళ్ల ప్రభుత్వ కాలేజీ) నాకు మెరుగ్గా కనిపిస్తుంది. కాలిఫోర్నియాలో కమ్యూనిటీ కాలేజీ ఫీజు సెమిస్టర్ యూనిట్‌కి (అంటే క్రెడిట్‌కి) 46 డాలర్లు, ఫుట్‌హిల్, డి ఆంజా లాంటి క్వార్టర్ కాలేజీల్లో 31. హైస్కూల్ పిల్లలు పార్ట్‌టైమ్‌గా చేరితే చాలాచోట్ల అదీ మాఫీ. పుస్తకాలు, చిన్నచిన్న రుసుములు మాత్రం ఉంటాయి. కోర్సు కాలిఫోర్నియా ప్రభుత్వ యూనివర్సిటీల్లో దేనికి సమానమో అసిస్ట్ వెబ్‌సైట్‌లో ముందే చూసుకోవచ్చు. పిల్ల ఇంట్లోనే తింటుంది, ఇంట్లోనే నిద్రపోతుంది. వారానికి 25 గంటల చదువు పడ్డప్పుడు అది చిన్న విషయం కాదు.

వీసా సంగతి కూడా ఇక్కడే. హెచ్-4 (హెచ్-1బి ఉద్యోగుల కుటుంబ వీసా) మీద ఉన్న పిల్లలు ఐ-20 (విద్యార్థి వీసా కోసం కాలేజీ ఇచ్చే పత్రం) లేకుండానే చదువుకోవచ్చు. ఇండియా నుంచి వచ్చేవాళ్లు బి-2 సందర్శక వీసా మీద క్రెడిట్ కోర్సు చేయకూడదు, ఎఫ్-1 విద్యార్థి వీసా కావాలి, ఎఫ్-1 అంటే ఫుల్‌టైమ్ లోడ్ తీసుకోవాలి. అంటే పైన చెప్పిన 50 గంటల వారం తప్పదు. ఐ-20 చేతికొచ్చాక సెవిస్ (విదేశీ విద్యార్థుల నమోదు వ్యవస్థ) రుసుము 350 డాలర్లు, వీసా దరఖాస్తు రుసుము 185, ఆ తర్వాత నానక్‌రామ్‌గూడ కాన్సులేట్ అపాయింట్‌మెంట్. మే నెలలో మొదలుపెడితే జూన్‌కి అందుతుందన్న భరోసా లేదు. క్రెడిట్ లేని ప్రోగ్రామైనా ఏ వీసా మీద రావాలో వాళ్ల చేత ఈమెయిల్‌లో రాయించుకోండి.

లెక్కలిచ్చి తీసుకునేవి

నా మొగ్గు ఇటే. లెక్కలంటే ఇష్టమున్న పిల్లలకి ప్రోమిస్, రాస్ ప్రోగ్రాముల తర్వాతే మిగతావి. రాస్ ప్రోగ్రామును ఆర్నాల్డ్ రాస్ 1957లో నోటర్ డేమ్‌లో మొదలుపెట్టి 1964లో ఒహాయో స్టేట్‌కి తీసుకెళ్లారు. అక్కడ చదువుకున్నవాళ్లే 1989లో బోస్టన్ యూనివర్సిటీలో ప్రోమిస్ ప్రారంభించారు. రెండూ ఆరు వారాలు, రెండింట్లోనూ మొదటి సంవత్సరం నంబర్ థియరీయే (పూర్ణసంఖ్యల గుణాల గణితం). ప్రోమిస్‌కి కనీసం 14 ఏళ్లు నిండాలి, రాస్‌కి 15. ఆర్థిక సాయం రెండింట్లోనూ ఉంది. ఈ రెండింటిలో ఏది అంటే నేను వయసూ దూరమూ చూసుకోమంటాను, చదువులో పెద్ద తేడా లేదు. ప్రోమిస్ బెంగళూరు ఐఐఎస్‌సీలో కూడా నడుస్తోంది. జులై, ఆగస్టుల్లో ఇంటర్ క్లాసులు వదిలి అమెరికా వెళ్లడం కుదరని పిల్లలు ముందు దాన్నే చూడాలి.

దరఖాస్తుతో పాటు కొన్ని లెక్కలిస్తారు. గడువు మార్చి ప్రాంతంలో. ఎవరి సాయమూ లేకుండా చేయాలి. ఈఏపీసెట్‌లో (పాత ఎంసెట్) 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు, అమెరికా స్కూలు పిల్లల లెక్కల పోటీ ఏఎంసీ-10లో 75 నిమిషాల్లో 25 ప్రశ్నలు చేసే పిల్లలకి ఇక్కడ ఒక్క లెక్కకి రెండు వారాలు పడుతుంది. వేగం అలవాటైనవాళ్లకి మొదట ఊపిరాడదు. వాళ్లు చూసేది జవాబుని కాదు, పిల్లవాడు ప్రయోగం చేశాడా, ఊహించాడా, ఊహని నిరూపించాడా అని.

దరఖాస్తుల్లోది కాని ఒక పాత లెక్కతో చూపిస్తాను. రెండు లేదా అంతకన్నా ఎక్కువ వరుస ధన పూర్ణసంఖ్యల మొత్తంగా ఏయే సంఖ్యల్ని రాయొచ్చు? ముందు చేత్తో రాయాలి. 3 = 1+2. 5 = 2+3. 6 = 1+2+3. 7 = 3+4. 9 = 4+5, 2+3+4 కూడా. 15కి మూడు దారులు. 1, 2, 4, 8, 16 రావడం లేదు. ఎక్కువమంది పిల్లలు ఇక్కడే ఆగి ‘2 ఘాతాలు తప్ప అన్నీ’ అని రాసి పంపేస్తారు. అది ఊహ మాత్రమే, ఇంకా రెండు నిరూపణలు మిగిలే ఉన్నాయి.

మొదటిది, 2 ఘాతాలు ఎందుకు రావు? మొత్తానికి రెట్టింపు అంటే పదాల సంఖ్యని మొదటి, చివరి సంఖ్యల కూడికతో గుణించడమే. పదాలు సరి సంఖ్యలో ఉంటే మొదటిదీ చివరిదీ కలిపితే బేసి వస్తుంది. సరి కాకపోతే పదాల సంఖ్యే బేసి. ఎటు చూసినా 1 కన్నా పెద్ద బేసి కారణాంకం ఒకటి తప్పదు, 2 ఘాతానికి అది ఉండదు. రెండోది, మిగతావన్నీ ఎందుకు వస్తాయి? 14 తీసుకోండి. 14 = 7×2. 2ని మధ్యలో పెట్టి ఏడు వరుస సంఖ్యలు రాస్తే −1, 0, 1, 2, 3, 4, 5. మొత్తం 14. −1, 1 కొట్టేసుకుంటాయి, సున్నా పోతుంది, 2+3+4+5 మిగులుతుంది. బేసి కారణాంకం ఉన్న ఏ సంఖ్యకైనా ఇదే పద్ధతి.

బాగా చదివేవాళ్లు ఇక్కడ ఇంకో ప్రశ్న అడుగుతారు: కొట్టివేతల తర్వాత ఒకే ఒక్క సంఖ్య మిగిలిపోదని నమ్మకమేంటి? సున్నాతో కలిపి కొట్టేసినవి ఎప్పుడూ బేసి సంఖ్యలో ఉంటాయి, మొదలుపెట్టింది కూడా బేసి, కాబట్టి మిగిలేది సరి. మొత్తం ధనం కనుక ఏమీ మిగలకపోవడమూ కుదరదు. ఈ రెండు వాక్యాలు రాసిన పిల్లవాడిని ప్రోగ్రాము వెతుక్కుంటోంది. అవి తనంతట తను రాయగలిగితే సీటు వచ్చినా రాకపోయినా ఆ రెండు నెలలు వృథా కావు. మిగతా రెండు రకాల దరఖాస్తులు పిల్లలకి ఇలాంటిదేదీ ఇవ్వవు.

అందుకని తయారీ జనవరిలోనే మొదలవ్వాలి. లెక్కలు రాగానే అన్నీ ఒకసారి చదివి, ఒక్కోదానికి నోట్‌బుక్‌లో పది పేజీలు కేటాయించండి. రోజుకి గంట చాలు, కానీ రోజూ కూర్చోవాలి. మొదటి రెండు వారాలు చిన్న ఉదాహరణలే, సూత్రం జోలికి వెళ్లొద్దు. ఫిబ్రవరి మధ్యకి ఊహలు రాసుకుని నిరూపణలకి దిగాలి. చివరి పది రోజులు మంచి ప్రతి రాయడానికే. పూర్తికాని లెక్కని దాచొద్దు: ఎంతవరకు తేలింది, ఎక్కడ ఆగింది, ఏ ఉదాహరణలు చూశారో రాయాలి. అసంపూర్ణమైన నిజాయితీ జవాబుకి విలువ ఉంది. ట్యూటర్ రాసిచ్చింది ప్రోగ్రాము మొదటి వారంలోనే బయటపడుతుంది, ఎందుకంటే అక్కడ రోజూ లెక్కలిస్తారు, కౌన్సిలర్లు (అక్కడ పిల్లలకి తోడుండే కాలేజీ విద్యార్థులు) వాటిని దిద్దుతారు. ‘పొడాసిప్’ అని ఒక రకం ఉంటుంది: ఇచ్చిన వాక్యం నిజమైతే నిరూపించు, తప్పైతే తప్పని చూపించి, కుదిరితే సరిచేసి నిలబెట్టు. ఇంట్లో తల్లిదండ్రులు చేయగలిగింది ఒకటుంది: రాసింది గట్టిగా చదవమని, అర్థం కానిచోట ‘ఎందుకు?’ అని అడగడం. జవాబు చెప్పకండి.

సిఫార్సు ఉత్తరం అడగాల్సింది పెద్ద మార్కులేసిన టీచర్ని కాదు, పిల్లల పని దగ్గరగా చూసిన టీచర్ని. డిసెంబరు సెలవులకు ముందే అడగండి.

లెక్కలు కాకుండా వేరే ఇష్టాలున్నవాళ్లకి: చదవడం, రాయడం మీద ఆసక్తి ఉంటే టెల్యురైడ్ సంస్థ నడిపే టాస్. ఉచితం, వ్యాసాలు చూసి తీసుకుంటారు. ఖగోళానికి సమ్మర్ సైన్స్ ప్రోగ్రాము, అక్కడ పిల్లలు గ్రహశకలం కక్ష్య లెక్కగడతారు. ఎంఐటీ వాళ్ల మైట్స్ ఉచితమే, కానీ అమెరికా పౌరులకూ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకే. హెచ్-4 పిల్లలు దాని కోసం వ్యాసాలు రాయడం మొదలుపెట్టకముందే ఈ సంగతి తెలియాలి.

సీటు వచ్చాక ఎక్కువమంది చిక్కుకునేది టీకాల ఫారం దగ్గర. హాస్టల్లో ఉండాలంటే సాధారణంగా రెండు ఎంఎంఆర్ (మీజిల్స్, గవదబిళ్లలు, రుబెల్లా) డోసులు, మెనింజోకాకల్ (మెనింజైటిస్) టీకా చూపించమంటారు. ఇండియాలో ప్రభుత్వ కార్యక్రమం కింద వేసేది మీజిల్స్-రుబెల్లా, గవదబిళ్లల టీకా అందులో లేదు. ప్రైవేటుగా ఎంఎంఆర్ వేయించినా తొమ్మిదో నెలలో వేసిన డోసు అమెరికాలో లెక్కలోకి రాదు, ఏడాది నిండాక వేసినవే చెల్లుతాయి. రెండు డోసుల మధ్య కనీసం 28 రోజుల ఎడం ఉండాలి. పాత టీకా కార్డు ఏప్రిల్లోనే తీసి తేదీలు చూస్తే జూన్‌లో పరుగు తప్పుతుంది.

ప్రోమిస్, రాస్ ఫలితాల్లో సీటు రాకపోయినా కమ్యూనిటీ కాలేజీ వేసవి క్వార్టర్‌కి ఇంకా సమయం ఉంటుంది, ఫుట్‌హిల్, డి ఆంజాల్లో అది జూన్ నెలాఖరు ప్రాంతంలో మొదలవుతుంది. హైస్కూల్ పిల్లల ప్రత్యేక అడ్మిషన్ ఫారం మీద స్కూలు సంతకం, తల్లిదండ్రుల సంతకం రెండూ కావాలి. జూన్ రెండో వారానికి చాలా స్కూళ్లలో కౌన్సెలర్లు సెలవుల్లోకి వెళ్లిపోతారు కాబట్టి, ఫలితం కోసం ఎదురుచూస్తున్నప్పుడే, మే మొదట్లో, ఆ సంతకం తీసుకుని ఉంచుకోండి.