ఫ్లాట్‌వౌండ్ స్ట్రింగ్స్ వేసి ఎనిమిది నెలలైంది

ముందే చెప్పేస్తాను, నేను పగలంతా లెక్కలు చూసుకునే ఉద్యోగిని. బేస్ గిటార్ పట్టుకుంది నలభై రెండో ఏట. రాత్రి భోజనాలయ్యాక అరగంట, ఆదివారం మా జట్టు కలిసినప్పుడు రెండు గంటలు, అంతే నా వాయింపు. ఈ రివ్యూని ఆ లెక్కలోనే చదువుకోండి. స్టేజీ ఎక్కేవాళ్ల అవసరాలు వేరు.

స్ట్రింగ్స్ మార్చాలన్న బుద్ధి పుట్టించింది మా అమ్మాయి. పక్క గదిలో చదువుకుంటూ, "నాన్నా, నువ్వు వాయించేది వినపడట్లేదు కానీ, ఉండుండి ఎవరో గోడ గీకుతున్నట్టుంది" అంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటాను కాబట్టి ఆంప్లిఫయర్ మోత బయటికి రాదు. వచ్చేదల్లా ఎడమ చెయ్యి ఒక ఫ్రెట్ (నెక్, అంటే గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే లోహపు గీటు) నుంచి ఇంకో ఫ్రెట్‌కి జారేటప్పటి కీచు శబ్దమే. మామూలు రౌండ్‌వౌండ్ స్ట్రింగ్ అంటే లోపలి తీగ మీద గుండ్రటి సన్న తీగ చుట్టినది. వేలిగోరుతో పొడుగునా గీస్తే చిన్న రంపం మీద గీసినట్టు గరగరమంటుంది. ఫ్లాట్‌వౌండ్‌కి పైన చుట్టేది రిబ్బన్ లాంటి చదునైన తీగ. దాని మీద అదే గోరు గాజు మీద జారినట్టు జారిపోతుంది.

నాది నాలుగు తీగల సెకండ్ హ్యాండ్ బేస్, 34 అంగుళాల స్కేల్ (మోగే తీగ పొడుగు). దానికి స్టెయిన్‌లెస్ స్టీల్ ఫ్లాట్‌వౌండ్ సెట్ తీసుకున్నాను, గేజ్ 45 నుంచి 105. అంటే సన్నటి జి స్ట్రింగ్ మందం అంగుళంలో వెయ్యింట 45 వంతులు, లావు ఇ స్ట్రింగ్ 105 వంతులు. కంపెనీ పేరు రాయట్లేదు. నేను చెప్పబోయే మంచీ చెడూ చాలావరకు ఈ రకం స్ట్రింగ్స్‌వే తప్ప ఆ ఒక్క కంపెనీవి కావు. పైగా చెడులో సగం నా చేతి పుణ్యమే.

ఆ పుణ్యం సంగతి ముందు చెప్తాను. పాత అలవాటుకొద్దీ పొడుగు కొలుచుకుని, ఎ స్ట్రింగ్‌ని కటింగ్ ప్లయర్‌తో టక్కున కత్తిరించి ట్యూనింగ్ పెగ్‌కి చుట్టేశాను. ట్యూనర్‌లో అంతా సరిగ్గానే చూపించింది, మోత మాత్రం లేదు. మిగతా మూడూ చక్కగా పలుకుతుంటే అదొక్కటీ అట్టపెట్టె మీద కొట్టినట్టు డబ్‌మని ఊరుకునేది. మూడు రోజులు కంపెనీని తిట్టుకున్నాను. వాపసు పంపిద్దామని ప్యాకెట్ వెతికి తీస్తే దాని వెనకాలే రాసి ఉంది. ఎక్కడ కత్తిరించాలనుకుంటున్నామో అక్కడ తీగను ముందు తొంభై డిగ్రీలు వంచాలట. వంపు అవతలే కత్తిరించాలట. వంచకుండా కోస్తే లోపలి తీగను గట్టిగా పట్టుకుని ఉండాల్సిన రిబ్బన్ చుట్టు జారి వదులవుతుంది, ఇక ఆ స్ట్రింగ్ పని అయిపోయినట్టే. విడిగా ఒక్క ఎ స్ట్రింగ్ దొరక్క ఇంకో సెట్ కొన్నాను. అందులో మిగిలిన మూడూ డ్రాయర్‌లో ఉన్నాయి. రౌండ్‌వౌండ్‌ల కంటే ఇవి ఖరీదెక్కువ కదా, ఈ విషయం ఇంట్లో ఇంకా చెప్పలేదు.

వేసిన మర్నాడు యాక్షన్ (ఫ్రెట్‌ల మీద తీగ ఎత్తు) పెరిగినట్టు అనిపించింది. స్కేలు పెట్టి చూస్తే పదిహేడో ఫ్రెట్ దగ్గర ఇ స్ట్రింగ్ కింద అంతకుముందు రెండున్నర మిల్లీమీటర్లు ఉన్న సందు మూడయింది. ఇందులో వింతేమీ లేదు. నాలుగు తీగలూ కలిపి నెక్‌ని 70 కిలోలకు పైగా బరువుతో లాగుతుంటాయి. అదే గేజ్ రౌండ్‌వౌండ్‌ల కంటే నా ఫ్లాట్‌ల లాగుడు ఎక్కువ, నెక్ కాస్త ముందుకు వంగింది. మొదటి ఫ్రెట్ దగ్గర ఒక వేలు, నెక్ బాడీని కలిసే చోట ఇంకో వేలు నొక్కిపెట్టి, ఎనిమిదో ఫ్రెట్ దగ్గర తీగకీ ఫ్రెట్‌కీ మధ్య విజిటింగ్ కార్డు దూర్చి చూశాను. కార్డు వదులుగా ఆడింది. ట్రస్ రాడ్‌ని (నెక్ వంపు సరిచేసే లోపలి కడ్డీని) పావు చుట్టు బిగించి, ఒక రాత్రి వదిలేసి, పొద్దున మళ్లీ చూస్తే కార్డు తగిలీ తగలనట్టు సరిపోయింది. పావు చుట్టుకి మించి ఒకేసారి తిప్పకండి. తిరగనని మొండికేస్తే బలం చూపించకుండా రిపేరు తెలిసినవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి. తర్వాత ఇంటోనేషన్ (ప్రతి ఫ్రెట్ దగ్గరా శ్రుతి సరిగ్గా పలకడం) కూడా సరిచేయాల్సి వచ్చింది. పన్నెండో ఫ్రెట్ దగ్గర హార్మోనిక్ (తీగని నొక్కకుండా తాకి మీటితే వచ్చే నోటు) కంటే నొక్కిన నోటు ట్యూనర్‌లో ఎక్కువ శ్రుతి చూపిస్తుంటే శాడిల్‌ని (తీగ బాడీ వైపు ఆనే ముక్కని) నెక్‌కి దూరంగా జరపాలి, అంతే. ఈ పనంతా చేసే ఓపిక లేనివాళ్లు స్ట్రింగ్స్‌తో పాటు సెటప్ ఖర్చు కూడా లెక్కేసుకోండి.

ఇక శబ్దం. కీచు పోయింది. మా అమ్మాయి రెండు రోజులు, "ఇవాళ వాయించలేదా?" అని అడిగింది. నోటు మొదట్లో ఉండే లోహపు మెరుపు తగ్గి, బరువైన గుండ్రటి నాదం వచ్చింది. వేలు పికప్ (తీగ మోతని పట్టే అయస్కాంతపు ముక్క) దగ్గర కాకుండా నెక్ చివర పెట్టి మీటితే ఇంకా మెత్తగా ఉంటుంది. అరవైలలో రౌండ్‌వౌండ్‌లు వచ్చి జనంలోకి వెళ్లేదాకా ఎలక్ట్రిక్ బేస్ వినిపించింది దాదాపు ఇలాగే. అమెరికా రికార్డు కంపెనీ మోటౌన్ పాటల వెనక ఉన్న బేసిస్ట్ జేమ్స్ జేమర్సన్ తన 1962 నాటి ఫెండర్ ప్రెసిషన్ బేస్ మీద లావాటి ఫ్లాట్‌వౌండ్‌లే వాడేవాడు, తెగితే తప్ప మార్చేవాడు కాదని చెప్తారు. మీటేది కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే. ఇది చదివి నాకు మహా ధైర్యం వచ్చింది కానీ, ఆయన వేలు సెట్‌తో పాటు రాదు కదా.

అసలు చెప్పాల్సింది ఇక్కడుంది. వేసిన రెండో ఆదివారం మా డ్రమ్మర్ వాయింపు ఆపి, "గురూ, స్ట్రింగ్స్ మార్చావా, నువ్వే మారావా? తొందరపడుతున్నావు" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఇంటికొచ్చి 80 టెంపోలో (నిమిషానికి 80 క్లిక్‌లు) మెట్రొనోమ్ పెట్టి నన్ను నేను ఫోన్‌లో రికార్డు చేసుకున్నాను. (రికార్డింగ్ ఫోన్ స్పీకర్‌లో వినకండి. ఇ స్ట్రింగ్ 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, ఆ బుల్లి స్పీకర్ అంత కిందికి దిగలేదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకోవాల్సిందే.) వింటే నిజమే. ఒకటీ మూడూ క్లిక్ మీదే పడుతున్నాయి, రెండూ నాలుగూ ఆత్రంగా ముందే దూకుతున్నాయి. ఇవి నిన్నమొన్నటి తప్పులు కావు. రౌండ్‌వౌండ్‌లతో ఒక నోటు మెరుస్తూ సాగి సాగి తర్వాతి నోటు మీదికి పారేది. ఆ సందడిలో ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆగిందో ఎవరికీ పట్టేది కాదు, నాకైతే అసలే పట్టేది కాదు. ఫ్లాట్‌లలో ఆ మెరుపు త్వరగా ఆరిపోతుంది. నోటుకి మొదలూ చివరా తేటగా వినపడతాయి, ఆ రెండూ నేను ఎక్కడ పెట్టానో కూడా.

అప్పటి నుంచి రోజూ పది నిమిషాలు ఒకటే పని. టెంపో 60. ఒకటో క్లిక్ మీద నోటు మొదలు, మూడో క్లిక్ మీద ఠక్కున ఆపు. ఎడమ చేతి వేలిని తీగ నుంచి పూర్తిగా లేపకుండా పట్టు వదిలితే నోటు శుభ్రంగా ఆగుతుంది. పూర్తిగా లేపేస్తే ఖాళీ తీగ మోగి గోల చేస్తుంది. చెప్పడానికి చిన్నపిల్లల పాఠంలా ఉంటుంది, చేస్తే తెలుస్తుంది. మూడో నెలకి డ్రమ్మర్ ఏమీ అనడం మానేశాడు. అతను ఏమీ అనకపోవడమంటే మెచ్చుకోవడమే. మా అమ్మాయి ఫిర్యాదు మాత్రం కొత్తది వచ్చింది: తాళానికి నా మడమ నేలకేసి కొట్టే చప్పుడట.

జట్టులో వాయించేటప్పుడు ఇంకో ఇబ్బంది ఉంది. మొదటి రోజుల్లో గిటార్లు రెండూ గట్టిగా అందుకోగానే నేను మాయమైపోయేవాణ్ణి. వినపడట్లేదని బేస్ నాబ్ (కింది శబ్దాలు పెంచేది) పెంచాను, గది దద్దరిల్లింది కానీ నోటు ఏదో ఎవరికీ తెలియలేదు. బేస్ నాబ్ తగ్గించి, మిడ్స్ (మధ్య శబ్దాలు) పెంచాక దారికొచ్చింది. స్లాప్ వాయించేవాళ్లు మాత్రం ఈ స్ట్రింగ్స్ జోలికి రాకండి. బొటనవేలితో కొడితే టంగుమనాల్సింది టుప్పుమంటుంది. మా గిటారిస్టుకి నా పాత మోతే ఇష్టం, ఇప్పటికీ సణుగుతుంటాడు. అతని మాటా తప్పు కాదు, పిక్‌తో దూకుడుగా వాయించే పాటల్లో ఆ గరుకుతనం లేని లోటు నాకూ తెలుస్తోంది.

వేళ్ల సంగతి. తీగ నున్నగా ఉన్నా బిర్రుగా ఉంటుంది. మొదటి పది రోజులు ఎడమ చేతి చిటికెనవేలు రాత్రికి లాగేది. చేతి నొప్పులున్నవాళ్లు, ఇప్పుడిప్పుడే మొదలుపెట్టినవాళ్లు ఇదే రకంలో తక్కువ టెన్షన్‌వి అడిగి తీసుకోవడం మంచిది. నేను మళ్లీ కొంటే అవే కొంటాను.

మన్నిక విషయంలో వంక పెట్టడానికి లేదు. చెమటా మురికీ ఇరుక్కునే గాళ్లు లేవు కాబట్టి, వాయించాక పొడిగుడ్డతో తుడిస్తే సరి. ఎనిమిది నెలలకి మోత తగ్గకపోగా మొదటి నెల కంటే కుదురుకుంది. రౌండ్‌వౌండ్‌లు నాకు మూడో నెలకే చచ్చుబడేవి. ఒకసారి ఎవరో చెప్పారని వాటిని విప్పి, చుట్టచుట్టి నీళ్లలో మరిగించాను. మా ఆవిడ గిన్నెలోకి తొంగి చూసి, "ఏవండీ, ఇది ఎవరు తినాలి?" అంది. జిడ్డు వదిలి మెరుపు వచ్చిన మాట నిజమే కానీ వారం తిరక్కుండానే మళ్లీ మొదటికొచ్చింది. ఆ గిన్నె ఇప్పుడు బేస్ సామాన్ల పెట్టెలోనే ఉంటుంది, వంటింట్లోకి రానివ్వలేదు.

మళ్లీ ఎప్పుడు మారుస్తావని మొన్న డ్రమ్మర్ అడిగాడు. ఇప్పట్లో లేదన్నాను. డ్రాయర్‌లో ఇ, డి, జి సీలు విప్పకుండా సిద్ధంగా ఉన్నాయి. ఎ ఒక్కటీ తెగకుండా ఉంటే చాలు.